నష్టపోయేవాళ్లింట్లో మంచినీళ్లు

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక రాజకీయ నాయకుడి దగ్గర పనిచేశాను. నా ఉద్యోగానికి సరైన పేరు లేదు. కొందరు పీఏ అన్నారు, కొందరు సెక్రటరీ అన్నారు. మేడ్చల్‌లో జిరాక్సు షాపతను "పటేల్ కాడ రాసే సారు" అనేవాడు. ఆ పటేల్ అంటే పెంటారెడ్డి గారే, రెడ్లను ఇక్కడ అలా పిలుస్తారు. మా మామగారు మాత్రం పోయేదాకా "మా అల్లుడు ప్రైవేటు స్కూల్లో టీచరు" అనే బంధువులకు చెప్పుకున్నారు. నేను టీచరుగా చేసింది మొదట్లో కొద్దికాలమే. రేపల్లె వైపు నుంచి వచ్చి మేడ్చల్‌లో ఒక చిన్న బడిలో తెలుగు చెబుతుండగా, వార్షికోత్సవానికి పెంటారెడ్డి గారు ముఖ్య అతిథిగా వచ్చారు. తనను పొగుడుతూ చదివిన స్వాగతపత్రం ఎవరు రాశారని అడిగారు. హెడ్మాస్టరు "మా సత్యం మాస్టారే" అని నన్ను చూపించాడు. "మస్తు అబద్ధాలు రాసినవ్‌గని సక్కగ రాసినవ్. రేపటి సంది నా కాడికి రా" అన్నారాయన. అది అడిగినట్టు లేదు, చెప్పినట్టే ఉంది. వెళ్లాను.

ఈ మధ్య నాయకుల దగ్గర ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. మంచి చదువులు చదివారు. ఏ వార్డులో ఎవరి మనసు ఎటు ఉందో ల్యాప్‌టాప్‌లో రంగులు వేసి చూపిస్తారు. ఒకరిద్దరు నన్ను కూడా "మీ రోజుల్లో ఎలా చేసేవాళ్లు అంకుల్?" అని అడిగారు. అలాంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెంటారెడ్డి గారు చేసిన పదవులు, వచ్చిన మెజారిటీలు ఇందులో ఉండవు. అవన్నీ ఆయన బావమరుదులు ఫ్లెక్సీల మీద కావలసినంత రాయించారు.

మాది నడిమి దారి పార్టీ. అటువాళ్లు మమ్మల్ని పెద్దోళ్ల పార్టీ అనేవారు, ఇటువాళ్లు ఉత్తగా పంచిపెట్టే పార్టీ అనేవారు. ఒకే సభ గురించి మర్నాడు రెండు పత్రికలు రెండు వైపుల నుంచీ తిట్టిన రోజున పెంటారెడ్డి గారు హుషారుగా ఉండేవారు. రెండు చెంపలూ ఒకేలా వాచాయంటే మనం సరిగ్గా మధ్యలోనే ఉన్నామని ఆయన లెక్క.

చప్పట్ల నడుమ మనిషి

ఆయన పద్ధతి ఒకటి చెబితే నా ఉద్యోగం ఏమిటో మీకు అర్థమవుతుంది.

ఏ నిర్ణయమైనా సభలో మైకు పట్టుకుని ప్రకటించే ముందు, దానివల్ల నష్టపోయేవాళ్ల ఇంటికి ఆయన స్వయంగా వెళ్లేవారు. గడప బయట కూర్చుని, "ఇన్ని మంచినీళ్లియ్యుండ్రి" అని అడిగేవారు. నీళ్లు తాగాక సంగతి చెప్పేవారు. తర్వాత ఆ ఇంటివాళ్లు తిట్టినన్ని తిట్లూ వినేవారు. ఒక్కదానికీ జవాబు చెప్పేవారు కాదు. అంతా అయ్యాక లేచి దండం పెట్టి వచ్చేవారు. కొన్నిసార్లు తిట్లు విన్నాక నిర్ణయం మారేది, కొన్నిసార్లు మారేది కాదు. మారినా మారకపోయినా ఆ ఇంటికి వెళ్లకుండా సభకు మాత్రం వెళ్లేవారు కాదు.

ఇది ఎక్కడ నేర్చుకున్నారని చేరిన కొత్తలో అడిగాను. కారులో వెళ్తున్నాం. ఆయన కిటికీ అద్దం దించి చెప్పారు.

"నేను కొత్తగ గెలిచినప్పుడు, మా ఊర్ల కల్లు కంపౌండు తీసేస్తున్నమని స్టేజీ మీద చెప్పిన. ఆడోళ్లందరు ఒకటే చప్పట్లు. గా కంపౌండు నడిపేటాయన గా జనంల్నే ఉన్నడు. నాకు తెల్వది. అందరు చప్పట్లు కొడుతుంటే నడుమ ఒక్కడే చేతులు కిందికేసి నిలబడ్డడు. తీసేసుడు తప్పు కాదు సత్యం. ఆయనకు మైకుల చెప్పుడు తప్పు. గా మొఖం నేను ఇప్పటికీ మర్వలే."

నీళ్లెందుకని కూడా అడిగాను. "మా నాయిన ఎవలింట్ల నీళ్లు తాగకపోతుండె. నేను అందరింట్ల తాగుత" అన్నారు. ఇంకో కారణం కూడా ఉందని నాకు తర్వాత తెలిసింది. నీళ్లిచ్చిన మనిషికి కాస్త ధైర్యం వస్తుంది, నీళ్లు తాగిన మనిషి కాస్త తగ్గుతాడు. ఎదుటివాడు నోరారా తిట్టాలంటే ఆ రెండూ కావాలి.

ఆయన మహాత్ముడని చెప్పడం లేదు. రెండు వెంచర్లలో వాటాలుండేవి. కోపం ముక్కు మీదే ఉండేది. నేను రాసిచ్చిన ఉపన్యాసాన్ని సగంలో ఆపేసి తన సొంత కవిత్వం మొదలుపెట్టి నన్ను పరేషాన్ చేసిన రోజులు బోలెడు. కానీ నష్టపోయే ఇంటికి వెళ్లడం అన్న ఒక్క విషయంలో నేను చూసిన నాయకులందరిలోకీ ఆయనే నయం.

గండిమైసమ్మ చౌరస్తా దగ్గర రోడ్డు వెడల్పు చేసినప్పుడు, పూలమ్మే యాదమ్మ ఇంటికి వెళ్లాం. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిస్తూనే మొదలుపెట్టింది.

"ఇయ్యాల నీళ్లడుగుతున్నవ్ పటేలా, రేపు నా కొట్టు మీదికి మిషిన్ తెస్తవ్. తాగు, మంచిగ తాగు. నీ కడుపు సల్లగుండ, నా కడుపు కాలవెట్టు."

ఆ తర్వాత ఆమె తిట్టిన తిట్లలో సగం నాకు అర్థం కాలేదు. అర్థమైన సగం ఇక్కడ రాయలేను. ఆయన తల వంచుకుని విన్నారు. రోడ్డు వేశారు, ఆమెకు గుడి పక్కన వేరే చోటు ఇప్పించారు. యాదమ్మ ఆ ఎన్నికల్లో మాకు ఓటెయ్యలేదు, ఆ మాట ఆమే చెప్పింది. కానీ మా జీపు ఆ చౌరస్తాలో ఆగినప్పుడల్లా ఒక మూర పూలు తెచ్చి అద్దానికి కట్టి వెళ్లేది.

నష్టపోయేది ఎవరు

ఇక నా పని. ఆయన ఎవరి ఇంటికి వెళ్లాలో ముందే కనుక్కోవడం నా పని. ఉపన్యాసాలు రాయడం, అర్జీలు చూడటం, పెళ్లిళ్లు చావులు గుర్తుచేయడం ఎవరైనా చేయగలరు. ఒక నిర్ణయం వల్ల నష్టపోయేది ఎవరో కనుక్కోవడం మాత్రం చాలా కష్టం. లాభపడేవాళ్లు దండలు పట్టుకుని వాళ్లంతట వాళ్లే వస్తారు. నష్టపోయేవాళ్లకు సంగతి తెలిసేసరికే పని అయిపోయి ఉంటుంది.

శామీర్‌పేట దాటాక ఒక ద్రాక్ష తోట మధ్య నుంచి రోడ్డు తీయాల్సి వచ్చింది. అప్పట్లో ఆ చుట్టుపక్కల ద్రాక్ష పందిళ్లు చాలా ఉండేవి. నేను తోట యజమాని ఎవరో కనుక్కున్నాను. నగరంలో ఉంటారాయన. పెంటారెడ్డి గారిని అక్కడికి తీసుకెళ్లాను. యజమాని చల్లటి నీళ్లిచ్చి, ఇంగ్లీషులో కాసేపు, తెలుగులో కాసేపు తిట్టారు. బాగా జరిగిందనుకున్నాను.

శంకుస్థాపన రోజు స్టేజీ ముందు నేల మీద ఒకాయన వచ్చి కూర్చున్నాడు. పేరు మల్లయ్య. ఆ తోటను కౌలుకు తీసుకుని ఏళ్లుగా సాగుచేస్తున్నది ఆయన. పోలీసులు లేపబోతే లేవలేదు.

"తోట ఆయనది కావచ్చు. పందిరి నేనేసిన, తీగ నేను పారిచ్చిన. నన్ను ఎవలడిగిండ్రు?"

పెంటారెడ్డి గారు మైకు పక్కన పెట్టి స్టేజీ దిగారు. కార్యక్రమం ఆపించి, మల్లయ్యను వెంటబెట్టుకుని తోటలో ఉన్న అతని రేకుల ఇంటికి నడిచారు. గడప దగ్గర కూర్చుని నీళ్లడిగారు.

"నీళ్లు లెవ్వు పో" అన్నాడు మల్లయ్య.

నా ఉద్యోగ జీవితంలో ఆయనకు నీళ్లు దొరకని ఇల్లు అదొక్కటే. ఎండలో అలాగే కూర్చుని, తిట్లు విని, లేచి వచ్చారు. మల్లయ్యకు పరిహారం వచ్చేదాకా ఆ రోడ్డు పని మొదలు కానివ్వలేదు. తిరుగు ప్రయాణంలో నన్ను ఏమైనా అంటారేమోనని ఎదురుచూశాను. చాలా దూరం వచ్చాక అన్నారు.

"కాయిదం మీద పేరున్నోడు పైసలు తీస్కొని ఇంట్ల కూసుంటడు. పేరు లేనోని కోసం దేవులాడు సత్యం. గందుకే నిన్ను పెట్టుకున్న."

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు నేను ముందుగా చెప్పగలిగింది ఇదే. రంగులు వేసిన మీ పటాల్లో పేరు ఉన్నవాళ్లే కనిపిస్తారు.

శేఖర్ వెళ్లిన ఇళ్లు

తర్వాత రోజులు మారాయి. ద్రాక్ష పందిళ్లు పోయి ప్లాట్లు వచ్చాయి. తూంకుంటలో కొత్త కాలనీలు లేచాయి. మా కోస్తా వైపు నుంచి వచ్చిన ఉద్యోగస్తులు అక్కడ ఇళ్లు కట్టుకున్నారు. నేనూ ఒక చిన్న ఇల్లు కట్టుకుని, గేటు పక్కన ఒక జామచెట్టు పెట్టుకున్నాను. ఆ తర్వాత ప్లాట్లు అమ్ముడుపోవడం ఆగిపోయింది. ఫ్యాక్టరీల్లో షిఫ్టులు తగ్గాయి. పొద్దున్నే బైకుల మీద గౌడవెల్లి నుంచి పనికి వెళ్లే కుర్రాళ్లు పగలంతా చౌరస్తాలో అవే బైకుల మీద కూర్చుని కనిపించేవారు. పనులున్న చోట కాంట్రాక్టర్లు ఒడిశా నుంచి, బీహార్ నుంచి తక్కువ కూలికి మనుషుల్ని తెచ్చుకుంటున్నారు.

అప్పుడే శేఖర్ వచ్చాడు. ఎదుటి పక్షం అభ్యర్థి. వయసులో చిన్నవాడు, భూముల వ్యాపారం చేసినవాడు. "మన కొలువులు మనోళ్లకే. బయటోళ్లు సంచులు సదురుకోవాలె" అనేవాడు. ఇంటి పన్ను రద్దు అనేవాడు, నల్లా బిల్లు మాఫీ అనేవాడు. ఎక్కడి నుంచి తెస్తావని ఎవరైనా అడిగితే "ఇన్నేండ్లు తిన్నోళ్ల కాన్నించి కక్కిస్త" అనేవాడు. మా ఆఫీసులో కూర్చుని మేమంతా నవ్వాం. మున్సిపాలిటీ దగ్గర వీధిదీపాలు మార్చడానికే గతి లేదు, ఇతను అన్నీ మాఫీ చేస్తాడట అనుకున్నాం.

నవ్వడం మా పొరపాటు. అది నాకు గౌడవెల్లిలో తెలిసింది. ప్రచారానికి ముందు ఊరి నాడి చూద్దామని వెళితే, నవీన్ అనే కుర్రాడు నన్ను ఆపాడు. సీసా మూతల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. షిఫ్టు ఎత్తేసి పంపించేశారు. ఇంట్లో చిన్న పాప.

"సార్, మీ పటేల్ రోడ్డేసినప్పుడు ఇల్లిల్లు తిరిగి నీళ్లడుగుతడట గద. నా నౌకరి పోయినప్పుడు నా ఇంటికి ఎవలొచ్చిండ్రు?"

"అది కంపెనీ నిర్ణయం కదా బాబూ, మనది కాదు కదా" అన్నాను.

"కంపినోడు రాలే, మీరు రాలే. శేఖరన్న వచ్చిండు. ఫోన్లల్ల వీడియో తీపిచ్చుకుండు, అది నాకూ తెలుసు. అయితేంది? వచ్చి మా ఇంట్ల కూసున్నడు గద."

 మేము తీసుకున్న నిర్ణయాల వల్ల నష్టపోయినవాళ్ల ఇళ్లకు మాత్రమే ఇన్నేళ్లూ వెళ్లాం. ఎవరూ తీసుకోకుండానే జరిగిపోయినవాటికి బలైనవాళ్ల ఇళ్లు మా లెక్కలోనే లేవు. పేరు లేనివాళ్లను వెతకమని నాకు జీతమిచ్చారు. నవీన్ లాంటివాళ్లు ఒక ఊరు ఊరంతా ఉంటే నేను చూడలేదు. శేఖర్ చెప్పిన మందు బూటకం కావచ్చు. అతను చెప్పిన నొప్పి మాత్రం నిజం. మాలాంటి నడిమి దారి వాళ్లు అన్నిచోట్లా ఇక్కడే దెబ్బతింటున్నారని నా అభిప్రాయం. ఎదుటివాడి మందు మంచిది కాదని చెప్పడంలో పడి నొప్పి సంగతి వదిలేస్తాం.

వచ్చి పెంటారెడ్డి గారికి అంతా చెప్పాను. ఆయన విని, "అయితే ఇన్నొద్దులు మనం సగం ఇండ్లే తిరిగినమన్నట్టు" అన్నారు. మర్నాటి నుంచి గౌడవెల్లిలో తిరగడం మొదలుపెట్టారు. కానీ అప్పటికే ఎన్నికలు నెత్తి మీదికి వచ్చాయి. ఇప్పుడు వెళ్తే ఓట్ల కోసం వచ్చినట్టే ఉంటుంది. జనం అలాగే అనుకున్నారు.

ఆయన మా ఇంటికి వచ్చిన రోజు

పార్టీ ఆఫీసు నుంచి సర్వే వాళ్లు వచ్చారు. కుర్రవాళ్లే, మర్యాదస్తులే. శేఖర్ మాట మనమూ అనకపోతే ఓటమి ఖాయమని చెప్పారు. మరీ అంత మోటుగా కాకుండా, కాస్త పద్ధతిగా అనాలట. స్థానికులకే ఉద్యోగాలు, బయటి నుంచి వచ్చినవాళ్లు తమ ప్రాంతాలకు వెళ్లడం మేలు అన్న అర్థం వచ్చేలా మేడ్చల్ సభలో చెప్పాలి. పైనుంచి కూడా అదే మాట వచ్చింది. పెంటారెడ్డి గారు అవుననలేదు, కాదనలేదు. నన్ను మాత్రం ఉపన్యాసం రాయడం ఆపమన్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా గేటు చప్పుడైంది. చూస్తే ఆయన. వెంట ఎవరూ లేరు. అన్నేళ్లలో ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. ఎప్పుడూ నేనే ఆయన దగ్గరికి వెళ్లేవాణ్ణి. మా ఆవిడ భారతి కంగారుపడి హాల్లో సోఫా మీది బట్టలు తీయబోయింది. ఆయన లోపలికి రాలేదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇన్ని మంచినీళ్లియ్యి సత్యం."

 ఆ మాటకు అర్థం మా ఊళ్లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. లోపలికి వెళ్లి గ్లాసు కడిగిందే కడిగి నీళ్లు తెచ్చాను. ఆయన తాగారు. ఖాళీ గ్లాసు చేతిలోనే పెట్టుకున్నారు.

"మేడ్చల్ సభల గా మాట అనమంటుండ్రు. బయటోళ్ల మాట."

"తెలుసు సార్."

"పొద్దుగాల ఒడిశా పోరగాండ్ల రూములకు పోయి వచ్చిన. నీళ్లిచ్చిండ్రు. నా మాట వాళ్లకు సమజ్ కాలే. దండం పెట్టి నవ్విండ్రు. ఇగ మిగిలింది నువ్వు."

నేను నిలబడే ఉన్నాను. నాలో కోపం లేదంటే అబద్ధం.  సగం జీవితం ఈ ఊళ్ల ధూళిలో ఆయన వెనక తిరిగాను. ఈ భాషలో కల గనడం కూడా నేర్చుకున్నాను. ఇప్పుడు నన్ను బయటోడంటారా అని అరవాలనిపించింది. కానీ నేను పెరిగింది పెద్దవాళ్ల ఎదుట గొంతు పెంచని ఇంట్లో. పైగా ఉద్యోగి అనే గీర ఒకటి. యాదమ్మలా, మల్లయ్యలా నేను మాట్లాడటమేమిటి అనుకున్నాను.

"మీ ఇష్టం సార్. పార్టీ చెప్పింది కదా" అన్నాను.

"గంతేనా?"

"అంతే సార్."

"ఇంకేమనవా?"

"అనడానికేముంది సార్."

ఆయన ఇంకో గ్లాసు నీళ్లడిగారు. అది కూడా తాగారు. చాలాసేపు జామచెట్టు వైపు చూస్తూ కూర్చున్నారు. నేను తిడతానని ఎదురుచూస్తున్నారు. నాకది అర్థమైంది. అర్థమై కూడా నోరు విప్పలేదు. చివరికి లేచి, దండం పెట్టి, గేటు తనే వేసుకుని వెళ్లిపోయారు.

"మీకు కోపం రాలేదా?" అంది భారతి.

"వచ్చింది."

"మరి ఆ మనిషి తిట్టించుకోవడానికే వస్తే, నోట్లో బెల్లమ్ముక్క పెట్టుకున్నట్టు నిలబడ్డారేం? నాలుగు దులిపితే, నా మనిషే ఒప్పుకోవట్లేదని వాళ్ల పార్టీకి చెప్పుకునేవాడు కదా!"

ఆమెకు రాజకీయాలు తెలియవని అన్నాళ్లూ అనుకున్నాను.

సభ

ఆపమన్న ఉపన్యాసం మళ్లీ అందుకుని ఆ మాట నేనే రాశాను. ఎవరికీ నొప్పి కలగకుండా మెత్తగా, లయగా రాశాను. నేను రాసిన మంచి వాక్యాల్లో అదొకటి, ఏం చేస్తాం.

మేడ్చల్ సభలో నేను ఎప్పటిలా మైకు సెట్టు పక్కన నిలబడ్డాను. ఆయన ఆ మాట దగ్గరికి వచ్చారు. జనంలోకి చూశారు. తర్వాత, ఎప్పుడూ కాగితం చూడని మనిషి, కాగితం చూసి చదివారు. చప్పట్లు మోగాయి.  చుట్టూ అందరూ చేతులెత్తి కొడుతున్నారు. నా చేతులు కిందికి వేలాడుతున్నాయి. ఆయన చెప్పిన కల్లు కంపౌండు మనిషి గుర్తొచ్చాడు. అతనికి ముందు ఎవరూ చెప్పలేదు. నాకు మా ఇంటికి వచ్చి చెప్పారు. అయినా చప్పట్ల మధ్య నిలబడితే పెద్ద తేడా ఏమీ తెలియలేదు.

పైగా ఓడిపోయాం. గౌడవెల్లి కుర్రాళ్లు "గీ మాట శేఖరన్న ఎప్పుడో అన్నడు, ఈయనకిప్పుడు తెలివొచ్చింది" అని నవ్వుకున్నారు. తూంకుంట కాలనీల వాళ్లు, పెంటారెడ్డి కూడా ఇంతేనా అని ఇళ్లలో కూర్చున్నారు. ఎప్పుడూ మాకు వేసేవాళ్లు కూడా ఓటెయ్యడానికి కదల్లేదు. నడిమి దారిలో నడిచేవాడు ఒక పక్కకు ఒరిగితే ఆ పక్కవాళ్లు రానివ్వరు, ఈ పక్కవాళ్లు మళ్లీ చేర్చుకోరు. అది మేం చేసి చూశాం కాబట్టి చెబుతున్నాను.

తర్వాత

ఆఫీసు మూసేశారు. నాకు ఎవరూ ఉద్యోగ విరమణ సభ పెట్టలేదు, పెట్టినా స్వాగతపత్రం నేనే రాసుకోవాల్సి వచ్చేది. ఆయన ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఇద్దరం ఒకే సిగ్గులో ఉన్నామనుకుంటాను.

ఇప్పుడు సాయంత్రాలు శామీర్‌పేట చెరువు కట్ట మీద నడుస్తాను. కాలనీలో నాకంటే తర్వాత వచ్చినవాళ్లు బెంచీల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. నన్ను చూస్తే మాట తగ్గిస్తారు. ఆ ఉపన్యాసం రాసింది నేనని వాళ్లకు తెలుసు. ఊరివైపు వెళితే పాత కార్యకర్తలు "మీ ఆంధ్రోళ్లు ఓటెయ్యకనే ఓడినం సారూ" అంటారు. ఎవరి దగ్గరికి వెళ్లినా నేను అవతలి వాణ్ణే. ఒంటరిగా ఉంది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు. మీరు ఈ ఉద్యోగంలోకి వస్తున్నారు కాబట్టి తెలిసి ఉండాలి. ఫోను అంతగా మోగిన చెవికి అది మోగకపోతే ఇంట్లో గడియారం చప్పుడు కూడా పెద్దదిగా వినిపిస్తుంది.

శేఖర్ మాఫీ చేస్తానన్నవి మాఫీ కాలేదు. ఒడిశా కుర్రాళ్లు వెళ్లనూ లేదు, నవీన్‌కు ఆ ఉద్యోగం రానూ లేదు. అతను ఇప్పుడు బైకు మీద పార్సిళ్లు వేస్తున్నాడు. మొన్న మా వీధిలోనే కనిపించి, "బాగున్నరా సార్" అని అడిగాడు. నన్ను ఎగతాళి చేస్తాడనుకున్నాను, చేయలేదు. నీళ్లు తాగుతావా అని నేనే అడిగాను. తాగి వెళ్లాడు.

ఈ మధ్య మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. మా వీధి రోడ్డు వెడల్పు చేస్తున్నారట. శేఖర్ నవ్వుతున్న బొమ్మ, కింద అభినందనలు, బొటనవేళ్లు, చప్పట్లు, చేతులు జోడించిన గుర్తులు. ఏ గోడలు పోతాయో ఎర్ర రంగు గీతలు గీసి పెట్టారు. మూడో గోడ మాది. అలా చూసుకున్నాను నేను నా గోడను, ఫోనులో. చప్పట్ల గుర్తు పెట్టినవాళ్లలో ఎదురింటి ఆయన కూడా ఉన్నాడు. తర్వాత బయటికి వెళ్లి చూస్తే, నిజంగానే జామచెట్టు పక్కన గోడ మీద ఎర్ర గీత ఉంది. ఎవరొచ్చి గీశారో కూడా తెలియలేదు.

నాలుగైదు రోజుల తర్వాత గేటు దగ్గర ఆటో ఆగింది. పెంటారెడ్డి గారు దిగారు. చేతిలో కర్ర ఉంది, బాగా చిక్కిపోయారు. ఓడిన తర్వాత నేను ఆయన్ను చూడటం అదే మొదలు. లోపలికి రమ్మన్నాను. రాలేదు. అదే ప్లాస్టిక్ కుర్చీలో అదే చోట కూర్చున్నారు.

"ఇన్ని మంచినీళ్లియ్యి సత్యం."

తెచ్చి ఇచ్చాను. తాగారు.

"నీ ముందటి గోడ పోతదట. మెట్లు పోతయి. గా జామచెట్టు సుత పోతది."

"తెలుసు సార్. వాట్సాప్‌లో చూశాను."

"చూసినవా." ఆయన ముఖం వాడిపోయింది. "గట్ల తెల్వొద్దు సత్యం. ఎవలో ఒకలు వచ్చి చెప్పాలె. వాళ్లు రారని నాకెర్కే. గందుకే నేనొచ్చిన."

"మీకేం సంబంధం సార్? ఇప్పుడు మీ చేతిలో ఏముందని?"

"ఏం లేదు. చెప్పిపోదామని వచ్చిన."

ఆ తర్వాత ఆయన ఖాళీ గ్లాసు ఒళ్లో పెట్టుకుని, తల కాస్త వంచి, కూర్చున్నారు. ఆ కూర్చోవడం నాకు బాగా తెలుసు.

మొదట గోడ గురించి మొదలుపెట్టాను. నా కష్టార్జితంతో కట్టిన గోడ అన్నాను. ఆ చెట్టు కాయలు కాలనీ పిల్లలందరూ తిన్నారు, ఇప్పుడు వాళ్ల నాన్నలే చప్పట్లు కొడుతున్నారు అన్నాను. గొంతు పెరిగింది. శేఖర్‌ను తిట్టాను, మున్సిపాలిటీని తిట్టాను. అక్కడితో ఆగలేదు. మిమ్మల్ని నమ్మి నేను ఈ ఊళ్లో ఉండిపోయాను అన్నాను. ఆ మాట ఎలా చదివారు మీరు, కాగితం చూసి మరీ ఎలా చదివారు, నేను అక్కడే నిలబడి ఉన్నానని తెలిసి ఎలా నోరొచ్చింది అన్నాను. నన్ను కాలరు పట్టుకుని ఎందుకు అడగలేదు, ఎందుకు రాయనిచ్చారు అన్నాను. నువ్వు అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయన్ను నువ్వు అన్నాను. భారతి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. నేను ఆగలేదు. యాదమ్మ అన్న మాటలు ఎక్కడ దాగున్నాయో అన్నీ నా నోట్లోంచి వచ్చాయి. చివరికి మాట రాక ఏడ్చేశాను.

ఆయన ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. అంతా విన్నారు. నేను కళ్లు తుడుచుకున్నాక తలెత్తి చూశారు.

"అయిందా?"

"అయింది."

"అయితే ఇంకిన్ని నీళ్లియ్యి."

లోపలికి వెళ్లి రెండు గ్లాసులు తెచ్చాను.